ఒక్క రెజ్యూమె, నలుగురు పాఠకులు: ఐటీ తొలి ఉద్యోగం దగ్గర సలహాలు ఎందుకు పొసగవు

ఫోటో పెట్టమని ఒకరు, వద్దని మరొకరు. ఒక్క పేజీ దాటకూడదని సీనియరు, నేర్చుకున్నవన్నీ రాయమని కాలేజీ ప్లేస్‌మెంట్ సారు. రంగుల డిజైను ఉంటేనే చూస్తారని రాజ్‌విహార్ దగ్గర డీటీపీ షాపు, రంగులుంటే కంప్యూటరే తోసేస్తుందని యూట్యూబ్ వీడియో. కర్నూలులో బీటెక్ చివరి ఏడాది చదువుతున్న విద్యార్థికి రెజ్యూమె మీద సలహాల కరవు లేదు. అవి ఒకదానితో ఒకటి పొసగకపోవడమే చిక్కు.

ఈ గందరగోళం ఇప్పుడే ముదరడానికి కారణం ఉంది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ఉద్యోగుల సంఖ్య టీసీఎస్‌లో 13,249, ఇన్ఫోసిస్‌లో 25,994, విప్రోలో 24,516 తగ్గింది. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతం మందిని తొలగిస్తామని ప్రకటించింది. ఒకే రోజు వందల మందిని ఎంపిక చేసుకొని వెళ్లే క్యాంపస్ డ్రైవ్‌ల మీద ఆశ పెట్టుకున్న జిల్లా కాలేజీలకు ఈ లెక్కలు దూరపు వార్తలు కావు. డ్రైవ్ రాకపోతే విద్యార్థి సొంతంగా దరఖాస్తు చేసుకోవాలి. రెజ్యూమెకు అసలు పని పడేది అక్కడే.

పై సలహాల్లో పూర్తిగా తప్పు అనదగ్గవి తక్కువ. ఒక్కొక్కరూ ఒక్కో పాఠకుణ్ని మనసులో పెట్టుకొని చెబుతున్నారు, ఎవరిని పెట్టుకున్నారో మాత్రం చెప్పడం లేదు. ఒకే కాగితాన్ని నాలుగు దశల్లో నలుగురు చదువుతారు: అర్హతల వడపోత, సాఫ్ట్‌వేర్, కంపెనీ తరఫున అభ్యర్థులను ఏరే రిక్రూటరు, ఇంటర్వ్యూ చేసే ఇంజినీరు. వీళ్ల అవసరాలు ఒకటి కావు. కొన్నిచోట్ల నేరుగా ఢీకొంటాయి కూడా.

బయోడేటా, సీవీ, రెజ్యూమె

బయోడేటాలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, వైవాహిక స్థితి, శాశ్వత చిరునామా ఉంటాయి. ప్రభుత్వ ఉద్యోగాల దరఖాస్తుల అలవాటు నుంచి, పెళ్లి సంబంధాల అవసరం నుంచి మన దగ్గర స్థిరపడిన పత్రం అది. సీవీ అంటే చదువు, పరిశోధన, ప్రచురణలు అన్నీ వరుసగా చెప్పే సుదీర్ఘ పత్రం. అధ్యాపకులకు, పరిశోధకులకు పనికొస్తుంది. రెజ్యూమె ఒకానొక ఉద్యోగానికి తగిన సంగతులను మాత్రమే ఏరి చూపే ఒకటి రెండు పేజీల పత్రం.

మన షాపుల్లో దొరికే నమూనా చాలావరకు ఈ మూడింటి కలగలుపు. పైన రెజ్యూమె అని ఉంటుంది, కింద కులం, తండ్రి వృత్తి ఉంటాయి, చివర ‘పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ప్రకటిస్తున్నాను’ అన్న వాక్యం, సంతకం. ఆ ప్రకటనను తీసేయాలా ఉంచాలా అని గంటలకొద్దీ చర్చలు నడుస్తుంటాయి. నిజానికి దానివల్ల లాభమూ లేదు, చెప్పుకోదగ్గ నష్టమూ లేదు, రెండు వరుసల చోటు తప్ప. కులం, మతం, వైవాహిక స్థితి మాత్రం ప్రైవేటు ఐటీ కంపెనీకి ఎంపిక దశలో అక్కరలేని సమాచారం. ఫోటో సంగతీ దాదాపు అంతే. ముఖం చూసి కలిగే ఇష్టాయిష్టాలకు చోటివ్వకూడదని కొన్ని సంస్థలు కోరుకుంటాయి. వాకిన్ డ్రైవ్‌లలో కావాలంటే పాస్‌పోర్టు ఫోటో విడిగా తెమ్మంటారు.

అర్హత గీత: 6.4 అంటే 64 శాతమా?

క్యాంపస్ డ్రైవ్‌లో కంపెనీ మొదట రెజ్యూమెను చూడదు. వెబ్ ఫారంలో నింపిన అంకెలను చూస్తుంది: పదో తరగతి, ఇంటర్, బీటెక్ మార్కులు, పాసైన ఏడాది, ఇంకా పాసవ్వని సబ్జెక్టులు (బ్యాక్‌లాగ్‌లు). గీత దాటినవారికి ఆన్‌లైన్ పరీక్ష. అందుకే ‘మా బ్యాచ్‌లో రెజ్యూమె ఎవరూ చూడలేదు, అనవసరంగా కంగారు పడకు’ అని సీనియరు చెప్పే మాటలో అబద్ధం లేదు. అతను చెబుతున్నది డ్రైవ్ ద్వారా వెళ్లే దారి గురించి.

ఈ దశలో తెలివైన పిల్లలు కూడా తడబడే చోటు ఒకటుంది. జేఎన్‌టీయూ అనంతపురం పరిధిలో సీజీపీఏను, అంటే పదికి లెక్కేసే సగటు గ్రేడును, శాతంగా మార్చడానికి దానిలోంచి 0.5 తీసేసి పదితో గుణిస్తారు. 7.2 సీజీపీఏ అంటే 67 శాతం, 72 కాదు. ఇక 6.4 ఉన్న విద్యార్థి సంగతి చూద్దాం. సూత్రం ప్రకారం వచ్చేది 59 శాతం. డ్రైవ్ ప్రకటనలో ‘60 శాతం లేదా 6 సీజీపీఏ’ అని ఉంటే సీజీపీఏ లెక్కన ఆ విద్యార్థి అర్హుడు. ఫారంలో శాతం గడి ఒక్కటే ఉంటే అనర్హుడు. అదే మనిషి, అవే మార్కులు.

ఇక్కడ రెండు వాదనలున్నాయి. కంపెనీయే 6 సీజీపీఏను 60 శాతానికి సమానంగా చూస్తోంది కాబట్టి పదితో గుణించి 64 రాయవచ్చని ఒకటి. విశ్వవిద్యాలయం ఇచ్చిన సూత్రమే చెల్లుతుందని మరొకటి. నాకు రెండోదే నిలిచేలా కనిపిస్తుంది. తరవాత జరిగే తనిఖీలో పోల్చి చూసేది విశ్వవిద్యాలయం ఇచ్చిన మెమోతోనే కదా. ఫారం శాతమే అడిగితే ఈ తేడా గురించి డ్రైవ్ నిర్వాహకులను ముందే అడగడం వేరు, సొంత లెక్కతో 64 వేయడం వేరు. రెజ్యూమె వరకైతే సమస్యే లేదు. మెమోలో ఉన్నట్టే ‘సీజీపీఏ 6.4/10’ అని రాస్తే మార్చాల్సిన అవసరమే రాదు.

సాఫ్ట్‌వేర్ ఏం చదువుతుంది, ఏం చదవలేదు

సొంతంగా దరఖాస్తు చేసినప్పుడు రెజ్యూమె వెళ్లి చేరేది అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్‌లోకి. పొట్టిగా ఏటీఎస్ అంటారు. వచ్చిన దరఖాస్తులను దాచి, వాటిలోని అక్షరాలను బయటికి లాగి, పేరు, ఫోను, చదువు, నైపుణ్యాలు అన్న గడుల్లో సర్దే సాఫ్ట్‌వేర్ ఇది. రిక్రూటరు తరవాత దానిలో ‘జావా, ఎస్‌క్యూఎల్, 2025 పాస్’ అని వెతుకుతారు.

‘75 శాతం రెజ్యూమెలను ఏటీఎస్ మనిషి చూడకముందే తిరస్కరిస్తుంది’ అన్న మాట మీరు వినే ఉంటారు. దాన్ని చెప్పేవారు మూలంగా ఏ అధ్యయనాన్నీ చూపించరు. చాలా వ్యవస్థల్లో తనంతట తానుగా జరిగే తిరస్కరణ రెజ్యూమె రూపాన్ని బట్టి జరగదు. దరఖాస్తులో అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబుల వల్ల జరుగుతుంది. ఏ ఏడాది పాసయ్యారు, ఫలానా నగరంలో పనిచేస్తారా, షిఫ్టులకు సిద్ధమేనా వంటివి. ఆ నియమాలు పెట్టింది మనిషే. అయితే రెండో పక్షాన్నీ కొట్టిపారేయలేం. ఉద్యోగ ప్రకటనతో రెజ్యూమె ఎంత కలుస్తోందో మార్కులు వేసి వరస కట్టే వ్యవస్థలు కూడా ఉన్నాయి. వేల దరఖాస్తులు వచ్చినప్పుడు వరసలో అడుగున ఉండటానికీ తిరస్కరణకూ ఆచరణలో పెద్ద తేడా ఉండదు.

ఉచితంగా ‘ఏటీఎస్ స్కోరు’ చెప్పే వెబ్‌సైట్ల సంగతి వేరు. ఒకే ఫైలుకు ఒకటి 54 ఇస్తే మరొకటి 81 ఇవ్వగలదు. అన్ని కంపెనీలకూ ఉమ్మడి స్కోరు అనేది లేదు, ఆ సైటు వేసిన మార్కు ఏ కంపెనీకీ చేరదు. చివర్లో ‘మెరుగు పరచడానికి చందా కట్టండి’ అని వస్తే మార్కు ఎందుకు తగ్గిందో ఊహించుకోవచ్చు.

రూపం నిజంగా దెబ్బతీసేది అక్షరాలు బయటికి రాని చోట. డీటీపీ షాపులో ఫోటోషాప్‌లోనో కోరెల్‌డ్రాలోనో అందంగా చేసి, బొమ్మగా మార్చి పీడీఎఫ్‌లో పెట్టిన రెజ్యూమె కంటికి బాగుంటుంది. అక్షరాలను గుర్తుపట్టే సదుపాయం లేని సాఫ్ట్‌వేర్‌కు అది ఖాళీ పేజీ. రెండు నిలువు వరుసల నమూనాలో మరో తంటా. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు ఎడమ వరుస పూర్తిచేసి కుడి వరుసకు రావు. అడ్డంగా చదువుకుంటూ పోతాయి. ఎడమన ‘బీటెక్, కంప్యూటర్ సైన్స్, 2025’ అని, కుడిన ‘పైథాన్, ఎస్‌క్యూఎల్, లైనక్స్’ అని మూడేసి వరుసల్లో ఉంటే దానికి కనిపించేది ‘బీటెక్ పైథాన్ కంప్యూటర్ సైన్స్ ఎస్‌క్యూఎల్ 2025 లైనక్స్’. పైథాన్ 80 శాతం వచ్చు అని నింపిన రంగు పట్టీ దానికి అసలు కనబడదు. మనిషికి కనిపించినా ఆ 80 దేనిలో 80 అన్నది రాసినవారికే తెలియదు.

ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా తేలిపోతాయి. పీడీఎఫ్ తెరిచి, మొత్తం ఎంచుకొని, నకలు తీసి నోట్‌ప్యాడ్‌లో పెడితే ఏది ఏ క్రమంలో పడిందో సాఫ్ట్‌వేర్‌కు కనిపించేదీ దాదాపు అదే. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో కీలక పదాలు దాచే ఉపాయం కూడా ఇదే కారణంగా బెడిసికొడుతుంది: బయటికి లాగిన పాఠంలో రంగు ఉండదు, దాచిన మాటలన్నీ రిక్రూటరు ముందు పరుచుకుంటాయి.

రిక్రూటరు ఇచ్చే కొద్ది సెకన్లు

లాడర్స్ అనే అమెరికా ఉద్యోగాల సంస్థ రిక్రూటర్ల కంటి కదలికలను నమోదు చేసింది. మొదటి చూపు 2012లో సుమారు 6 సెకన్లు, 2018లో 7.4 సెకన్లు ఉందని ప్రకటించింది. మన దగ్గర ‘ఆరు సెకన్ల’ కథ తిరగడానికి మూలం ఇదే. అది అమెరికా లెక్క, పైగా తొలి చూపు లెక్క. ఆ చూపులో ఉద్యోగం ఖాయం కాదు. పక్కన పెట్టాలా, నిలిచి చదవాలా అన్నదే తేలుతుంది.

కాబట్టి పేజీ పై మూడో వంతు విలువైన చోటు. అక్కడ మన నమూనాల్లో ఎక్కువగా ఉండేది లక్ష్యం అన్న పేరా: సవాళ్లతో కూడిన సంస్థలో నా నైపుణ్యాలను వినియోగించి సంస్థతోపాటు నేనూ ఎదగాలని కోరుకుంటున్నాను. ఈ వాక్యాన్ని సిమెంటు కంపెనీకైనా ఆసుపత్రికైనా పంపవచ్చు, అదే దాని లోపం. అలాగని లక్ష్యం పూర్తిగా పనికిరాని భాగమూ కాదు. ఎలక్ట్రికల్ చదివి టెస్టింగ్ ఉద్యోగానికి, బీఎస్సీ చదివి సపోర్ట్ ఉద్యోగానికి దరఖాస్తు చేసేవారి కాగితం చూడగానే ‘ఇటెందుకు వచ్చారు’ అన్న ప్రశ్న పుడుతుంది. దానికి రెండు వరుసల్లో జవాబుంటే రిక్రూటరు ఆగుతారు.

ఊరి పేరు మీదా వాదన ఉంది. కర్నూలు అని రాస్తే దూరమని పక్కన పెడతారని కొందరు హైదరాబాద్ చిరునామా వేస్తారు. రేపు రమ్మని పిలుపు వచ్చినప్పుడు ఆ చిరునామా ఇబ్బంది పెడుతుంది. కర్నూలు అని రాసి హైదరాబాద్, బెంగళూరుల్లో చేరడానికి సిద్ధమని పక్కనే చెబితే ఈ అనుమానం అక్కడే తీరుతుంది. నౌకరీ వంటి పోర్టళ్లలో కోరుకునే నగరానికి విడి గడి కూడా ఉంది. తెలిసిన భాషల వరుసను చాలామంది తీసేస్తున్నారు గానీ, బెంగళూరులో వినియోగదారులతో మాట్లాడే సపోర్ట్ ఉద్యోగానికి అనంతపురం, ఆదోని పిల్లల కన్నడం పనికొచ్చే అర్హత.

ఇంటర్వ్యూ చేసేవారికి అది మీరిచ్చిన ప్రశ్నపత్రం

నాలుగో పాఠకుడు ఇంజినీరు. అనుభవం లేని అభ్యర్థిని అడగడానికి ఆయన దగ్గర వేరే ఆధారం ఉండదు, కాబట్టి కాగితంలో ఉన్నదే అడుగుతారు. ఇక్కడే రెండో పాఠకుడికీ నాలుగో పాఠకుడికీ అసలు గొడవ. సి, సి ప్లస్ ప్లస్, జావా, పైథాన్, రియాక్ట్, ఏడబ్ల్యూఎస్, మెషీన్ లెర్నింగ్ అన్నీ రాస్తే సాఫ్ట్‌వేర్ వెతుకులాటలో ఎక్కువసార్లు తేలతారు. ప్లేస్‌మెంట్ సారు వాదన ఇదే, ఆ మేరకు సరైనదే. ఇంజినీరు ఎదుట అదే జాబితా పది ప్రశ్నలకు తలుపు తీస్తుంది. జావా అని రాసినవారిని, ఆ భాషలో డేటాను దాచే హ్యాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుందని అడగడం మామూలే. జాబితాను ‘ప్రాజెక్టుల్లో వాడినవి’, ‘పాఠ్యాంశంగా చదివినవి’ అని రెండుగా విడగొట్టి రాసేవారు ఇద్దరికీ సమాధానం చెప్పగలుగుతున్నారు: మాటలు వెతుకులాటకు దొరుకుతాయి, ఏది ఎంత వచ్చో ఇంజినీరుకు ముందే తెలుస్తుంది.

ప్రాజెక్టుల దగ్గర బండారం ఇంకా తేలిగ్గా బయటపడుతుంది. కాలేజీల్లో తిరిగే ప్రాజెక్టుల్లో క్రెడిట్ కార్డు మోసాల గుర్తింపు ఒకటి. దానికి చాలామంది వాడే డేటా కాగిల్ వెబ్‌సైటులోది: 2,84,807 లావాదేవీలు, వాటిలో మోసాలు 492. రెజ్యూమెలో ‘99.8 శాతం ఖచ్చితత్వం సాధించాను’ అని గర్వంగా రాస్తారు. ఇప్పుడు లెక్క చూడండి. ఏ ప్రోగ్రామూ రాయకుండా ప్రతి లావాదేవీనీ ‘మోసం కాదు’ అంటూ పోయినా 2,84,315 సార్లు నిజమే అవుతుంది, అంటే 99.83 శాతం. ఒక్క మోసాన్నీ పట్టుకోని పద్ధతి కూడా ఆ అంకెను దాటేసింది! ఇంజినీరు అడిగేది ఆ 492లో ఎన్ని పట్టుకున్నారని, పట్టుకునే తొందరలో ఎన్ని మంచి లావాదేవీలను దొంగలుగా చూపారని. ఈ రెండు అంకెలను కాగితం మీదే రాసిన విద్యార్థికి సమస్య అర్థమైందని ఆయనకు తెలిసిపోతుంది, శాతం తక్కువైనా సరే.

ఇంకో ఉదాహరణ మన ఊరిదే ఊహిద్దాం. కర్నూలు మార్కెట్ యార్డు ఉల్లి ధరల మీద నలుగురు కలిసి ప్రాజెక్టు చేశారు. రెజ్యూమె ఇంగ్లిషులో ఉంటుంది, భావం తెలుగులో చెబుతున్నాను. మొదటి రూపం ఇలా ఉంది: ‘వ్యవసాయ ధరల అంచనా. పైథాన్, మెషీన్ లెర్నింగ్ ఉపయోగించి రైతులకు మేలు చేసే వినూత్న వ్యవస్థను రూపొందించాము.’ మార్చిన రూపం: ‘కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ నుంచి కర్నూలు యార్డు మూడేళ్ల రోజువారీ ఉల్లి ధరలు సేకరించాము. యార్డు సెలవుల ఖాళీలను సున్నాగా లెక్కించకుండా వదిలేశాము. మరుసటి వారం సగటు ధర అంచనాను, “పోయిన వారం ధరే ఉంటుంది” అన్న మామూలు అంచనాతో పోల్చాము. నా భాగం: డేటా సేకరణ, మైఎస్‌క్యూఎల్ పట్టికలు.’

రెండోదానిలో వినూత్నం అన్న మాట పోయింది, నలుగురిలో తాను చేసింది ఏమిటో వచ్చింది. ఒకవేళ తమ అంచనా మామూలు అంచనా కన్నా మెరుగ్గా రాలేదనుకుందాం. ఆ ఫలితాన్ని దాచాలని చాలామందికి అనిపిస్తుంది. నా ఉద్దేశంలో అది దాచాల్సినది కాదు. ఉల్లి ధర ఎంత చపలమో తెలిసిన జిల్లా మనది, ఎందుకు కుదరలేదో చెప్పగలవారితో సంభాషణ పది నిమిషాలు సాగుతుంది. కొనుక్కొచ్చిన ప్రాజెక్టుతో రెండు నిమిషాలు కూడా సాగదు. ప్రాజెక్టు కోడ్‌ను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ లింకు ఇచ్చినప్పుడు కూడా అంతే. అందరూ తెరిచి చూడరు, నిజమే. చూసినవారికి మాత్రం మార్పుల తేదీలన్నీ కనిపిస్తాయి. నాలుగు నెలల ప్రాజెక్టు మొత్తం ఒకే రాత్రి ఎక్కించి ఉంటే ఆ తేదీయే మాట్లాడుతుంది.

చాట్‌జీపీటీతో రాయించిన రెజ్యూమె మీద అభిప్రాయాలు రెండుగా ఉన్నాయి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లిషు తప్పులు దిద్దుకునే సాధనం అందిందని ఒకరంటే, అందరి కాగితాలూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయని రిక్రూటర్లు విసుక్కుంటారు. దిద్దించుకోవడానికి, కల్పించుకోవడానికి మధ్య గీత స్పష్టమే: తాను నోటితో వివరించలేని మాట కాగితం మీదికి వచ్చిందంటే అది దాటినట్టే.

అందరికీ ఉన్న సర్టిఫికెట్ విలువెంత?

రాష్ట్రంలో డిగ్రీ, బీటెక్ పాఠ్యక్రమాల్లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యాక కర్నూలు, నంద్యాల, కడపల్లో అన్ని వేల మందికి చోటిచ్చే కంపెనీలు ఎక్కడివి? ఆ లోటును ఆన్‌లైన్ వర్చువల్ ఇంటర్న్‌షిప్‌లు పూడ్చాయి. కొన్ని వారాల వీడియోలు, ప్రశ్నలు, చివర పెద్ద కంపెనీ చిహ్నంతో సర్టిఫికెట్. ఇవి పనికిరావని కొట్టిపారేసేవారున్నారు. సొంతంగా ఒక అంశం మొత్తం పూర్తి చేశారనడానికి అంతకు మించిన ఆధారం ఆ వయసులో ఏముంటుందని అడిగేవారూ ఉన్నారు. చిక్కు సర్టిఫికెట్‌తో రాలేదు, దాన్ని పెట్టిన చోటుతో వచ్చింది. ‘అనుభవం’ శీర్షిక కింద పెద్ద కంపెనీ పేరుతో రాస్తే అక్కడ పనిచేసినట్టు ధ్వనిస్తుంది, ఒక్క ప్రశ్నతో ఆ గాలి పోతుంది. ‘శిక్షణ’ కింద రాస్తే ఉన్నదున్నట్టు ఉంటుంది.

నంద్యాలలో గడిచిన రెండేళ్లు

మన జిల్లాల వాళ్ల రెజ్యూమెల్లో తరచూ కనిపించే మరో సంగతి చదువు తరవాతి ఖాళీ. బీటెక్ కాగానే నంద్యాలలో బ్యాంకు కోచింగు, లేదా గ్రూప్స్, ఎస్సై పరీక్షలు. రెండేళ్లకు ఐటీ వైపు చూపు. ఈ కాలాన్ని దాచాలని చాలామంది అనుకుంటారు. పాసైన ఏడాది కాగితం మీద ఉన్నాక దాగేదేమీ లేదు. కొన్ని డ్రైవ్‌లు ఖాళీకి పరిమితి పెడతాయి, అది మొదటి వడపోతలోనే తేలిపోతుంది. అది దాటాక మనిషి అడిగేది ఆ కాలంలో ఏం చేశారని మాత్రమే. ‘2023-25: బ్యాంకు పోటీ పరీక్షల సన్నద్ధత, చివరి ఆరు నెలలు జావా, ఎస్‌క్యూఎల్ అభ్యాసం’ అన్న ఒక వరుస ఉంటే, ఖాళీ జాగాను రిక్రూటరు తన ఊహతో నింపుకోవాల్సిన పని ఉండదు.

కొనుక్కునే అనుభవం

ఇక అందరూ గుసగుసగా మాట్లాడుకునే విషయం. రెండు మూడేళ్లు పనిచేసినట్టు అనుభవ పత్రం, జీతం చీటీలు తయారుచేసి ఇచ్చే కన్సల్టెన్సీలు హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నాయి. దాన్ని సమర్థించేవారి వాదన వినదగ్గదే: ప్రకటనలన్నీ అనుభవం అడుగుతాయి, ఫ్రెషర్‌కు తలుపే తెరవరు, లోపలికి వెళ్లాక పని ఎలాగూ నేర్చుకుంటారు, అలా చేరి స్థిరపడినవారు ఊరికొకరు కనిపిస్తారు.

పట్టుబడే తీరు తెలిస్తే లెక్క మారుతుంది. 20 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ ప్రావిడెంట్ ఫండ్ (పీఎఫ్) పరిధిలోకి వస్తుంది. ఉద్యోగికి ఇచ్చే పీఎఫ్ గుర్తింపు సంఖ్య (యూఏఎన్) కింద ఏ సంస్థలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చందా కట్టారో ఉంటుంది. యాభై మంది ఉన్న కంపెనీలో మూడేళ్లు చేశానని చెప్పి పీఎఫ్ ఖాతాలో ఒక్క నెల కూడా లేకపోతే తనిఖీ సంస్థ అక్కడే ఆగుతుంది. 2022 నవంబరులో యాక్సెంచర్ భారతదేశంలో బోగస్ కంపెనీల అనుభవ పత్రాలతో చేరినవారిని గుర్తించి తొలగించినట్టు బహిరంగంగానే చెప్పింది. నియామక పత్రాల్లో సాధారణంగా ఉండే షరతు ప్రకారం ఇచ్చిన సమాచారం తప్పని ఎప్పుడు తేలినా కొలువు పోతుంది. కంపెనీ మారిన ప్రతిసారీ కొత్త తనిఖీ మొదలవుతుంది.

నిజమైన తొలి అనుభవం దొరికే చోట్లు చిన్నవి, జీతం ఇంకా చిన్నది: సపోర్ట్ షిఫ్టులు, మాన్యువల్ టెస్టింగ్, స్థానిక ఆసుపత్రులకూ దుకాణాలకూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఐదారుగురి ఆఫీసులు. ఆ ఆఫీసులకు పీఎఫ్ వర్తించకపోవచ్చు. అలాంటప్పుడు తరవాతి కంపెనీ తనిఖీకి నిలిచేవి నియామక పత్రం, జీతం బ్యాంకు ఖాతాలో పడిన నమోదులు, వదిలేటప్పుడు ఇచ్చే రిలీవింగ్ లెటరు. జీతం చేతికి నగదుగా ఇచ్చే చోట ఏడాది నిజాయతీగా పనిచేసి కూడా ఈ మూడూ లేక మళ్లీ ఫ్రెషర్‌గా లెక్కకు వచ్చేవారున్నారు.